సుశ్రుతుని జాబితా, మన అడవి: రేబిస్‌ను మోసే జంతువుల చరిత్ర

ఇంట్లో ఎలుక కొరికింది, కుక్కకాటు టీకా వేయించుకోవాలా అని అడిగేవారు ఎందరో ఉన్నారు. నక్క కరిచింది, ఏం చేయాలి అని అడిగేవారు చాలా అరుదు. వాస్తవానికి భయం ఉండవలసింది రెండో చోట. మన జిల్లాలో, ముఖ్యంగా ఇచ్చోడ, బోథ్, ఉట్నూరు చుట్టుపక్కల అడవిని ఆనుకొని ఉన్న గూడేల్లో, తండాల్లో ఈ తలకిందుల భయం ప్రాణాంతకం కాగలదు. అందుచేత రేబిస్‌ను ఏ జంతువు మోస్తుంది, ఏది మోయదు అన్న విషయం మనిషికి ఎలా తెలుస్తూ వచ్చిందో ఈ వ్యాసంలో చెప్పదలచాను. ఆ చరిత్ర తెలిస్తే ఈనాటి వైద్యుడు ఫలానా కాటుకు టీకా ఎందుకు వేస్తాడో, ఫలానా కాటుకు ఎందుకు వద్దంటాడో మీకే బోధపడుతుంది.

ముందుగా మన దేశపు గ్రంథమే చూద్దాం. సుశ్రుత సంహితలో విషాలను గురించి చెప్పే భాగానికి కల్పస్థానమని పేరు. అందులోని ఏడవ అధ్యాయం ఎలుకలతో మొదలవుతుంది. పద్దెనిమిది రకాల ఎలుకలను, వాటి విషలక్షణాలను వర్ణించిన తరువాత గ్రంథకర్త పిచ్చెత్తిన జంతువుల వైపు మళ్లుతాడు. కుక్క, నక్క, దుమ్ములగొండి, ఎలుగుబంటి, పులి మొదలైనవాటికి ఈ ఉన్మాదం కలుగుతుందని రాస్తాడు. తోక, దవడ, భుజాలు వాలిపోవడం, నోటి నుంచి చొంగ కారడం, చూపూ వినికిడీ మందగించినట్లు ఎటుపడితే అటు పరుగెత్తడం, కరిచిన చోట తిమ్మిరి ఎక్కడం అన్నీ అందులో ఉన్నాయి. కాటు తిన్న మనిషి నీటిని చూసి గాని, నీటి పేరు విని గాని భయపడితే దానిని జలత్రాసమన్నాడు, ఇక బతకడని తేల్చి చెప్పాడు. నీటిలోనో అద్దంలోనో తనను కరిచిన జంతువు రూపం కనిపించేవాడు కూడా దక్కడన్నాడు. ఇన్నేళ్ల తరువాత కూడా జలభయం కనిపించిన రోగి విషయంలో వైద్యశాస్త్రం ఆ తీర్పును దాదాపుగా మార్చలేకపోయింది.

ఈ అధ్యాయంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఎలుకలనూ పిచ్చికుక్కనూ ఆయన వేరు వేరుగా పెట్టిన తీరు. ఎలుక కాటువల్ల వచ్చే జ్వరం, గ్రంథుల వాపు ఒక వ్యాధి. జలత్రాసం మరొక వ్యాధి. ఎలుక కాటు జ్వరమనేది సూక్ష్మజీవి వల్ల వచ్చే వేరే జబ్బని ఆధునిక వైద్యం కూడా చెబుతుంది. సుశ్రుతుడికి వైరస్ తెలియదు, వాత కఫ దోషాలతో వివరణ ఇచ్చుకున్నాడు. వివరణ పాతబడింది గాని జాబితా పాతబడలేదు. అందులోని జంతువులన్నీ మాంసాహార జాతులకు చెందిన క్షీరదాలే. ఇంకొక సంగతి గమనించండి. పులిని కాసేపు పక్కన పెడితే, కుక్క, నక్క, దుమ్ములగొండి, ఎలుగుబంటి నాలుగూ ఆదిలాబాదు అడవులు ఎరిగిన జంతువులే. పులి కూడా 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ వైపు మహారాష్ట్ర నుంచి వచ్చిపోతూనే ఉంది.

అదే ప్రాచీన కాలంలో గ్రీకు దేశపు అరిస్టాటిల్ మాత్రం ఘోరంగా పొరబడ్డాడు. పిచ్చికుక్క కరిస్తే మనిషికి తప్ప తక్కిన జంతువులన్నింటికీ ఆ వ్యాధి వస్తుందని తన జంతుశాస్త్ర గ్రంథంలో రాశాడు. అంతటి పరిశీలకుడు ఆ మాట ఎలా రాశాడో పండితులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఆయనకంటే వెయ్యేళ్లకు పైగా ముందే, ఈనాటి బాగ్దాదుకు సమీపంలోని ఎష్నున్నా అనే రాజ్యపు చట్టాలలో, పిచ్చికుక్క అని అధికారులు హెచ్చరించినా యజమాని కట్టివేయకపోతే, అది కరిచి మనిషి చనిపోతే నలభై షెకెళ్ల వెండి జరిమానా అని ఉంది. చనిపోయినది బానిస అయితే పదిహేనే. గ్రీకు తత్త్వవేత్తకు తెలియనిది ఆ గుమాస్తాలకు తెలుసు.

వ్యాధి లాలాజలంలో ఉందన్న అనుమానం పాతదే అయినా, దానిని ప్రయోగంతో చూపినది 1804లో జర్మనీకి చెందిన జింకె. పిచ్చికుక్క చొంగను ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అంటించి వ్యాధి తెప్పించాడు. ఆ తరువాత ఎనభై ఏళ్లకు పాశ్చర్ వచ్చాడు. 1885 జూలై 6న తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఆయన టీకా వేయించిన కథ పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. దాని తరువాతి సంవత్సరపు కథ అంతగా ప్రచారంలో లేదు. 1886 మార్చిలో రష్యాలోని స్మొలెన్‌స్క్ ప్రాంతం నుంచి పంతొమ్మిది మంది రైతులు పారిస్ చేరారు. వారిని కరిచినది కుక్క కాదు, పిచ్చెత్తిన తోడేలు. పలువురి గాయాలు అతి భయంకరమైనవి. అందరికీ టీకాలు వేస్తే పదహారు మంది బతికి ఇంటికి వెళ్లారు, ముగ్గురు మరణించారు.

ఆ ముగ్గురు ఎందుకు మరణించారన్నది ఇక్కడ ముఖ్యం. తోడేలు, ఎలుగుబంటి వంటి మృగాలు కాలిపిక్క పట్టి వదిలిపెట్టే రకం కాదు. ముఖమూ తలా చీల్చుతాయి. వైరస్ రక్తంలో కాక నరాల వెంట మెదడు వైపు నెమ్మదిగా పాకుతుంది. కాలి మీది కాటు నుంచి మెదడు దాకా దూరం ఎక్కువ, ముఖం మీది కాటు నుంచి చాలా తక్కువ. టీకా వేసిన తరువాత శరీరం తన రక్షణను తయారుచేసుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆలోగా వైరస్ గమ్యం చేరితే టీకా ఓడిపోయినట్లే.

ఈ చిక్కు ముడి విప్పినది కూడా ఒక తోడేలే. 1954 ఆగస్టులో ఇరాన్‌లోని ఒక గ్రామంలో పిచ్చి తోడేలు జొరబడి ఒక్క రాత్రిలో 29 మందిని కరిచింది. రేబిస్ ప్రతిరక్షకాలున్న సీరంను గురించి అప్పటికే టెహరాన్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధిస్తోంది. తలకు గాయాలైన వారిలో టీకా మాత్రమే పొందిన ఐదుగురిలో ముగ్గురు చనిపోయారు. టీకాతో పాటు సీరం కూడా పొందిన పదముగ్గురిలో ఒక్కరే చనిపోయారు. ఈనాడు లోతైన గాయానికి టీకాతో పాటు గాయం లోపలా చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలని వైద్యులు పట్టుబట్టడానికి మూలం ఆ గ్రామపు లెక్కే. శరీరం సొంత రక్షణ తయారుచేసుకునే ఆ కొద్ది రోజులు సీరం కాపలా కాస్తుంది. ఎలుగుబంటి దాడికి గురైన వ్యక్తికి కుట్లు వేసి, ధనుర్వాతం సూది వేసి పంపించివేయడం ఎందుకు సరికాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ జంతువు పిల్లలను కాపాడుకోవడానికి మీద పడిందా, పిచ్చెత్తి పడిందా అని అడవిలో తేల్చగలవారు ఎవరు?

మన దేశంలో పాశ్చర్ వైద్యం అందుబాటులోకి వచ్చిన క్రమం మరొక అధ్యాయం. మొదట్లో కాటు తిన్న తెల్ల సైనికులను ఓడలో పారిస్‌కే పంపేవారు. 1900లో హిమాలయ పాదాల్లోని కసౌలీలో పాశ్చర్ సంస్థ వెలిసింది. దక్షిణాదికి 1907లో కూనూరులో మరొకటి వచ్చింది. నిజాం రాజ్యపు ఉత్తర కొసన ఉన్న ఆదిలాబాదు వాసికి కసౌలీ అయినా కూనూరు అయినా ఒక్కటే, రెండూ అందనివే. కసౌలీలోని డేవిడ్ సెంపుల్ 1911 ప్రాంతంలో గొర్రె మెదడు నుంచి కార్బాలిక్ ఆమ్లంతో చంపిన వైరస్ టీకాను రూపొందించిన తరువాతే పరిస్థితి మారింది. ఆ మందును సీసాల్లో నింపి దూరపు దవాఖానలకు పంపవచ్చు. రోగి మందు దగ్గరకు వెళ్లనక్కరలేదు, మందే రోగి దగ్గరకు వస్తుంది. మన వైపు హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఈ టీకాకు చిరకాలం చిరునామాగా ఉండేది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న మాట మీ తాతతండ్రుల నోట విని ఉంటారు. అది ఈ టీకాయే. పొట్ట చర్మం కింద రోజుకొకటి చొప్పున వేసేవారు. నొప్పి ఒక ఎత్తు, దానిలోని గొర్రె మెదడు పదార్థం వల్ల కొందరికి నరాల వాపు, పక్షవాతం రావడం మరొక ఎత్తు. కాబట్టి ఆ రోజుల్లో ఏ జంతువు కాటుకు టీకా వేయాలి అన్నది ఈనాటి కంటే ఎంతో బరువైన నిర్ణయం. అనవసరంగా వేస్తే ఒక ప్రమాదం, అవసరమైనప్పుడు వేయకపోతే మరణం. ఆ సందిగ్ధం నుంచే ఎలుకకు వద్దు, ఉడుతకు వద్దు, కుక్కను పది రోజులు గమనించండి వంటి నియమాలకు విలువ పెరిగింది. మన దేశంలో గొర్రె మెదడు టీకా తయారీ 2004 చివరలో ఆగిపోయింది. ఇప్పుడు వాడుతున్నవి కణాల్లో పెంచిన సురక్షితమైన టీకాలు, భుజానికి నాలుగైదు విడతలు. అయినా ఆ పాత భయం పల్లెల్లో ఇంకా చావలేదు. పొట్టలో సూదులు వేస్తారని దవాఖానకు రానివారు, గాయానికి సున్నమూ కారమూ అద్ది నాటు మందుకు వెళ్లేవారు నా ఉద్యోగకాలమంతా కనిపిస్తూనే ఉన్నారు. రోగం బయటపడిన తరువాత వారిని సుమారు 270 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు కోరంటి దవాఖానకు తీసుకుపోవడమంటే, కొనవూపిరికి నీడ చూపించడమే తప్ప వైద్యం కాదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. రేబిస్ సోకగలగడం వేరు, రేబిస్‌ను వ్యాపింపజేయడం వేరు. ఈ రెంటినీ కలిపి చూడడం వల్లనే గందరగోళమంతా. వెచ్చని రక్తమున్న క్షీరదాలన్నింటికీ ఇది సోకగలదు. కుందేలుకూ సోకుతుంది. పాశ్చర్ తన టీకాను తయారుచేసినది వ్యాధి ఎక్కించిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టే కదా! కాని ప్రకృతిలో కుందేలు ద్వారా మనిషికి రేబిస్ వస్తుందన్న భయం మనకు లేదు. ఎలుక, చుంచు, ఉడుత వంటి చిన్న ప్రాణులు పిచ్చికుక్క నోట పడితే వ్యాధి ముదిరేదాకా బతికి ఉండవు, అక్కడికక్కడే చస్తాయి. అందుకే ఇంటి ఎలుక కాటుకు, ఉడుత కాటుకు సాధారణంగా రేబిస్ టీకా వేయరు. అడవి ఎలుక కారణం లేకుండా మీద పడి కరిస్తే మాత్రం వైద్యుణ్ణి అడగడం మంచిది. పాము, బల్లి, తొండ, కోడి, కాకి వీటికి రేబిస్ ప్రసక్తే లేదు.

వైరస్‌ను తరతరాలుగా తమలో తాము తిప్పుకొంటూ నిలబెట్టే జంతువులు వేరు. అవి దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో రకూన్, స్కంక్, గబ్బిలం. ఐరోపాలో ఒకప్పుడు ఎర్రనక్క. అక్కడ 1978లో స్విట్జర్లాండుతో మొదలుపెట్టి, టీకా దాచిన ఎరలను అడవుల్లో వెదజల్లి నక్కలకు తినిపించి వ్యాధిని చాలావరకు తుడిచిపెట్టారు. గబ్బిలాల సంగతి తెలిసినది ట్రినిడాడ్ దీవిలో. 1925లో అక్కడ పశువులు పక్షవాతంతో కూలిపోవడం మొదలైంది, విషాహారమనుకున్నారు. 1929లో మనుషులు చనిపోయారు, పోలియో అనుకున్నారు. ఎవరినీ కుక్క కరవలేదు. నెత్తురు తాగే గబ్బిలాలే కారణమని జోసెఫ్ పవాన్ అనే వైద్యుడు 1930ల తొలినాళ్లలో నిరూపించాడు. ఆ రక్తపిశాచి గబ్బిలాలు అమెరికా ఖండాలలో తప్ప మన వద్ద లేవు. మన చింతచెట్లకు వేలాడేవి పండ్లు తినేవి, వాటిని చూసి బెదరవలసిన పని లేదు. అయినా గబ్బిలం కరిచినా గీరినా ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తీవ్రమైన కాటుగానే లెక్కిస్తుంది.

ముంగిసది మరీ విచిత్రమైన కథ. అది మన దేశపు జంతువు, పామును చంపుతుందని మనకు ముద్దు. 1872లో చెరకు తోటల్లో ఎలుకల బెడద పోగొట్టడానికి కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను జమైకాకు తీసుకువెళ్లారు. వాటి సంతానాన్ని చుట్టుపక్కల దీవులకూ పంచారు. కాలక్రమంలో కుక్కల వైరస్ వాటికి సోకి, గ్రెనడా, ప్యూర్టోరికో, క్యూబా వంటి చోట్ల ముంగిసే రేబిస్‌కు ఆలవాలమైంది. మనం పంపిన జీవి అక్కడ వ్యాధికి ఇల్లు కట్టుకుంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ వ్యాధికి పుట్టిల్లు కుక్కే. మన దేశంలో నక్కల్లో, ముంగిసల్లో, పశువుల్లో దొరికిన వైరస్‌ను పరీక్షించి చూస్తే, అది కుక్కల్లో తిరిగే వైరస్‌కే దగ్గరి చుట్టమని తేలుతోంది. ప్రపంచంలో మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లనే. మన దేశంలో ఏటా సుమారు 5,700 మంది దీనితో మరణిస్తున్నారని 2022, 2023 సంవత్సరాల్లో పదిహేను రాష్ట్రాల్లో జరిగిన సర్వే అంచనా కట్టింది. అంతకు ఇరవై ఏళ్ల క్రితపు అంచనా ఇరవై వేలు. తగ్గిందనే చెప్పాలి. కాని టీకా ఉన్న జబ్బుకు ఇన్ని వేల ప్రాణాలు పోవడం సిగ్గుచేటే.

కుక్కలు ఇంతగా పెరగడానికి చెత్తకుప్పలు ఒక కారణమైతే, ఆకాశం నుంచి మాయమైన ఒక పక్షి మరొక కారణం. 1990లలో మన దేశంలోని రాబందులు నూటికి తొంబై అయిదుకు పైగా నశించాయి. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను దెబ్బతీసింది. రాబందులు తినవలసిన కళేబరాలు కుక్కల పాలయ్యాయి. దీనివల్ల 1992, 2006 మధ్య కుక్కలు కనీసం 55 లక్షలు పెరిగాయని, సుమారు 47 వేల రేబిస్ మరణాలు అదనంగా సంభవించాయని 2008లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పక్షికి రేబిస్ రాదు, పక్షి రేబిస్ తేదు. అయినా పక్షి లేకపోవడం రేబిస్ తెచ్చింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. ఒకనాటి మన ఉమ్మడి జిల్లాలోనే, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్న సంగతి దశాబ్దం కిందట వెలుగులోకి వచ్చినప్పుడు, పక్షిప్రేమికులతో పాటు నాబోటి వైద్యుడు కూడా సంతోషించడానికి కారణం ఇదే.

పశువుల విషయం రైతులకు అత్యవసరం. ఆవు, ఎద్దు, బర్రె, మేక, గొర్రె పిచ్చికుక్క కాటువల్ల రేబిస్ పొందుతాయి. సాధారణంగా అవి ఒకదాని నుంచి మరొకదానికి అంటించవు, వ్యాధి అక్కడితో ఆగిపోతుంది. కాని వాటి చొంగలో వైరస్ ఉంటుంది. అన్నింటికంటే మోసపుచ్చేది మూగ రకం. బర్రె మేత మానేసి, చొంగ కారుస్తూ, గొంతు మారి అదే పనిగా అరుస్తుంటే, ఏదో అడ్డుపడిందనుకొని రైతు గొంతులో చేయి పెడతాడు. ఆ చేతికి పంటిగీత ఒక్కటి ఉంటే చాలు. కుక్క విషయంలోనూ అంతే. దవడ వేలాడేసుకొని కూర్చున్న కుక్క గొంతులో ఎముక ఇరుక్కుందని తలచి చేయి పెట్టేవారున్నారు. అటువంటి పశువు నోట్లో చేయి పెట్టకండి, పశువైద్యుణ్ణి పిలవండి. పిచ్చికుక్క కరిచిన పశువుకు కూడా కాటు తరువాత వేసే టీకాలు ఉన్నాయి. అది ఇచ్చిన పాలు తాగామని ఊరంతా దవాఖానకు పరుగెత్తిన సందర్భాలు వింటుంటాం. కాచిన పాలవల్ల రేబిస్ రాదు, వాటికి టీకా అక్కరలేదు. అయితే జబ్బుపడిన పశువు పాలు వాడకండి, దానిని కోసి మాంసం పంచుకోకండి. వండిన మాంసం వల్ల కాదు, కోసేవాడి చేతి గాయం వల్ల ప్రమాదం.

పిల్లి, కోతి ఈ రెండింటి కాటునూ కుక్క కాటుతో సమానంగానే చూడాలి. పెంపుడు పిల్లే కదా, దేవుడి కోతే కదా అన్న మొహమాటం పనికిరాదు. ఇక పది రోజుల గమనింపు నియమం కుక్కకు, పిల్లికి మాత్రమే వర్తిస్తుంది. కరిచిన కుక్క పది రోజుల తరువాత ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేదని అర్థం. అయితే టీకా మొదలుపెట్టడానికి ఆ పది రోజులు ఆగకూడదు, మొదలుపెట్టి గమనించాలి. నక్క, తోడేలు, దుమ్ములగొండి, ఎలుగుబంటి, రేచుకుక్క, ముంగిస, కోతి వీటికి ఆ నియమం లేదు. వాటి కాటు పడిన వెంటనే ధారగా పారే నీటిలో, సబ్బుతో పావుగంట సేపు గాయాన్ని కడగాలి. కట్టు గట్టిగా కట్టరాదు. అదే రోజు దగ్గరి దవాఖానకు వెళ్లి, కరిచిన జంతువు పేరు వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. రక్తం కారిన గాయమైతే టీకాతో పాటు సీరం కూడా అడగండి. అక్కడ సీరం లేకపోతే మొదటి టీకా వేయించుకొని, అదే రోజు పెద్ద దవాఖానకు బయలుదేరండి.